బెంచీ క్లాసు హిందీ మాస్టారు

మొన్న గుడివాడలో జరిగిన సంతాప సభలో ఆయన గురించి రెండు అబద్ధాలు చెప్పారు. చెప్పినవాళ్లకు అవి అబద్ధాలని తెలియదు.

మొదటిది ఆయన చివరగా పనిచేసిన స్కూలు హెడ్మాస్టరు చెప్పారు. "సినిమా అనే జాడ్యం అంటని మనిషండీ. స్టాఫంతా కలిసి వెళ్దామన్నా వచ్చేవారు కాదు. జన్మలో హాలు మొహం చూడలేదు."

రెండోది బందరు నుంచి వచ్చిన రిటైరైన డ్రిల్లు మాస్టారు చెప్పారు. "అంతటి మనిషి మీద కూడా ఆ రోజుల్లో ఆకాశరామన్న ఉత్తరం రాశారండీ. ఎవరు రాశారో మాకందరికీ తెలుసు. మా స్కూలు సందులో మిషను కుట్టుకునే టైలరు. స్నేహితుడిలా పక్కన కూచునేవాడు."

ఆయన భార్య ముందు వరసలో కూర్చుని ఉన్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. "మీరు బందరులో కలిసి పనిచేశారు కదా, రెండు ముక్కలు చెప్పండి" అని ఎవరో మైకు నా చేతికి ఇవ్వబోయారు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

ఆ రెండు ముక్కలు ఇప్పుడు చెబుతున్నాను. ఆయన సినిమాలు చూశారు. అంత ఇష్టంగా చూసిన మనిషిని నేను మరొకరిని ఎరగను. ఆ ఉత్తరం టైలరు రాయలేదు. నేను రాశాను.

ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. ఒకసారి నా చేత్తో ఆ పేరు కాగితం మీద పెట్టాను, అది చాలు.

డెబ్బైల చివర్లో బందరు ఊరి చివరనున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను గుమాస్తాని. నాకు ఇరవై నాలుగేళ్లు. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు ఆయన మా స్కూలుకు హిందీ పండిట్‌గా వచ్చారు. ముప్పై అయిదు దాటిన మనిషి. తోట్లవల్లూరు దగ్గర లంక ఊళ్లో పుట్టి, హిందీ పరీక్షలు ఒక్కొక్కటే ప్రైవేటుగా రాసుకుంటూ ఉద్యోగం దాకా వచ్చారు. పొట్టిగా ఉండేవారు. చొక్కా కాలరు మాయకుండా మెడ చుట్టూ చేతిరుమాలు. ఏ మాటకైనా అర్థం చెప్పేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలికి బొట్టు పెడుతున్నట్టు ఒక చుక్క పెట్టేవారు. చుక్క పడితే అర్థం ఖాయమైనట్టే. ఆయన వెనక పిల్లలంతా గాలికి బొట్లు పెట్టి నవ్వుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు. "పోన్లెండి, ఆ మాత్రం హిందీ అయినా పట్టుబడింది" అనేవారు.

ఇక నా సంగతి. ఆదివారం ఉదయం పదింటి ఆటకు కోనేరు సెంటరు దగ్గర హాల్లో హిందీ సినిమాలు వేసేవారు. నాకు హిందీ రాదు. వచ్చని చెప్పుకున్నాను. మొదటిసారి పక్కవాడు "ఏమన్నాడు గురూ?" అని అడిగినప్పుడు తెలీదనడానికి నామోషీ అనిపించి ఏదో ఒకటి చెప్పాను. వాడు నమ్మాడు. వాడి పక్కవాడు ముందుకు వంగి విన్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి బెంచీ క్లాసులో నాకు చోటు ఆపి ఉంచేవాళ్లు. రిక్షావాళ్లు, కొట్లలో గుమాస్తాలు, పెడన నుంచి వచ్చే అద్దకం పనివాళ్లు అందరూ నా నోటివంకే చూసేవాళ్లు. నేను తెర మీద మొహాలు చూసి డైలాగులు కట్టేసేవాణ్ని. తండ్రి చెయ్యి ఎత్తితే "నా గడప తొక్కకు" అనేవాణ్ని. తల్లి కళ్లొత్తుకుంటే "నువ్వొచ్చేదాకా ముద్ద ముట్టను" అనేవాణ్ని. హిందీ ముక్క రాకుండా రెండేళ్లు హిందీ సినిమాలకు అర్థం చెప్పాను. నా జీవితంలో పదిమంది నా మాట కోసం ఆగిన రోజులు అవే.

మాస్టారు అప్పటిదాకా ఒక్క సినిమా చూడలేదని స్టాఫ్ రూములో బయటపడింది. అందరూ ఆయన్ని వింతగా చూశారు.

"ఇంట్లో వద్దనేవారా మాస్టారూ?" అని అడిగాను.

"ఎవరూ వద్దనలేదండీ. ఎవరూ రమ్మననూ లేదు."

నేను రమ్మన్నాను. ప్రేమతో పిలవలేదు. హిందీ పండితుడే నా పక్కన కూర్చుంటే నా హిందీకి విలువ పెరుగుతుందనుకున్నాను. మొదటిసారి సినిమా చూసే మనిషి కళ్లప్పగించి కూర్చుంటాడే తప్ప నా అర్థాల జోలికి రాడనుకున్నాను.

ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, చంకలో గొడుగుతో ముప్పావుగంట ముందే వచ్చి హాలు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆయన భార్య బందరు పెద్దాసుపత్రిలో నర్సు. ఆదివారం పగలు డ్యూటీ. "ఆవిడతో చెప్పే వచ్చానండీ. హాయిగా చూసి రమ్మంది" అన్నారు, నేను అడక్కపోయినా. లోపల తెర మీద సెన్సారు సర్టిఫికెట్ పడగానే ఆఫీసు కాగితం వచ్చినట్టు నిటారుగా కూర్చుని చదవడం మొదలుపెట్టారు. అది మాయమైపోతే నావైపు తిరిగి, "ఇంకా సంతకాల దాకా రాలేదండీ" అన్నారు.

అది ప్రేమకథ. కాలేజీ అమ్మాయి, పేదింటి అబ్బాయి, కొండలు, మంచు. పది నిమిషాలు గడిచేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. నా చెవిలో గుసగుసగా, "వీళ్లు మాట్లాడేది హిందీ కాదండీ" అన్నారు. పాఠ్యపుస్తకాల హిందీ నేర్చుకున్న మనిషి. తెర మీద వాళ్లు నాలుగో మాటకోసారి ఉర్దూ కలుపుతున్నారు. ఆయన భయం చూసి నాకు లోపల చెప్పలేనంత సంతోషం వేసింది.

అప్పుడు వెనక బెంచీలోంచి టైలర్ భాయ్ ముందుకు వంగాడు. మా స్కూలు పిల్లల యూనిఫారాలన్నీ అతనే కుట్టేవాడు. అప్పటికి నలభై ఏళ్లుంటాయి. రెండేళ్లుగా నా వెనకే కూర్చుని నా అర్థాలు వింటున్నాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాడికి నా బండారం మొదటి రోజే తెలిసి ఉండాలి. ఒక్కసారి కూడా అనలేదు.

"పంతులుగారూ, ఇంతెజార్ అంటే ఎదురుచూడ్డం."

"ప్రతీక్షా!" మాస్టారు సగం లేచి నిలబడ్డారు. "ప్రతీక్షా అండీ! ఆ అమ్మాయి అతని కోసం ఎదురుచూస్తోంది!" గాలిలో చుక్క పడింది.

దాంతో దారి దొరికింది. తెర మీది మాటను భాయ్ అందుకుని ఆయన చెవిలో వేసేవాడు. ఆయన దాన్ని తన హిందీలోకి మార్చుకుని, అక్కణ్నుంచి తెలుగు చేసి బెంచీలకు ఇచ్చేవారు. ఇదంతా అయ్యేసరికి తెర మీద హీరో ఇంకో ఊళ్లో ఉండేవాడు. అయినా ఎవరూ విసుక్కోలేదు. "తర్వాతేంటండీ పంతులుగారూ?" అని అడుగుతూనే ఉన్నారు.

నేను ఊరుకోలేకపోయాను. తెర మీద తండ్రి కొడుకువైపు చెయ్యి చాపగానే అందరికీ వినపడేలా "నా గడప తొక్కకు!" అన్నాను. మాస్టారు నావంక ఒకసారి చూసి ఊరుకున్నారు. ఆట వదిలాక ఇంటిదారిలో, మేమిద్దరమే ఉన్నప్పుడు, "అక్కడ ఆ తండ్రి అన్నం తిని వెళ్లమన్నాడండీ" అన్నారు మెల్లగా. ఆయన నడుస్తూనే, "కానీ ఆ మొహానికి మీరన్న మాటే బాగా కుదిరింది" అన్నారు.

ఆ మాట ఆయన ఇంకెవరితోనూ అనలేదు. అని ఉంటే నాలుగు రోజులు మొహం దాచుకుని ఆదివారాలు మానేసేవాణ్ని. మనల్ని కాపాడినవాళ్లని వారం వారం ఎదురుగా చూస్తూ ఉండటం అంత తేలిక కాదు.

తర్వాత ఏడాదిపాటు ఆయన ఒక్క ఆదివారం తప్పలేదు. ఉర్దూ మాటలు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని భాయ్ కొట్లో కూర్చుని అప్పజెప్పేవారు. ప్రేమకథలంటే ప్రాణం పెట్టేవారు గానీ ఆయన బాధలు ఆయనవి. హీరోయిన్ కొండల్లో తిరుగుతుంటే, "పదిహేను రోజులైంది ఈ అమ్మాయి కాలేజీకి వెళ్లి. హాజరు ఎవరు వేస్తున్నారండీ?" అనేవారు. పాట నడుస్తుండగా అర్థం అడిగితే వేలు అడ్డంగా ఊపేవారు. "పాట అవనివ్వండి. మధ్యలో మాట్లాడితే వాళ్లకి తాళం తప్పుతుంది." హీరో హీరోయిన్లు బాగా దగ్గరికొచ్చి గుసగుసలాడుకుంటే ఆయన నోరు విప్పేవారు కాదు.

"పంతులుగారూ, ఏమంటందండీ ఆ పిల్ల?"

"ఏదో సొంత విషయం మాట్లాడుకుంటున్నారండీ. మనకెందుకు?"

"టిక్కెట్టు కొనుక్కున్నాం కదండీ!"

"సినిమాకి కొన్నారు. ఆ అమ్మాయి సొంత విషయానికి కాదు."

బెంచీలు విరగబడి నవ్వేవి. బాల్కనీలోవాళ్లు కిందికి తొంగి చూసేవాళ్లు.

ఇంకోటి చెప్పాలి. తెర మీద ఎవరు ఎలా పిలుచుకున్నా, ఆయన తెలుగులో హీరో హీరోయిన్లు ఒకరినొకరు "మీరు" అనే అనుకునేవారు. "ఇంకా పెద్దగా పరిచయం లేదు కదండీ" అనేవారు. ఒక సినిమాలో ఇంటర్వెల్ అయ్యాక, రైల్వే స్టేషన్లో, ఆ అమ్మాయి మాటను తెలుగు చేస్తూ మొదటిసారి "నువ్వు వెళ్లకు" అన్నారు. తెర మీద వాళ్లు కనీసం చెయ్యి కూడా పట్టుకోలేదు. బెంచీలన్నీ ఈలలు వేశాయి. పెడన నుంచి వచ్చిన ఒక ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను రెండేళ్లు గొంతు చించుకున్నా ఒక్క మాటకు అంత ఈల పడలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి గాలికి చుక్క పెట్టి చూసుకున్నాను. ఈగను తోలుతున్నట్టుంది.

తర్వాత గూఢచారి సినిమాల వరస వచ్చింది. నల్లకళ్లద్దాలు, తోలుపెట్టెలు, గోడలోంచి తెరుచుకునే తలుపులు. వాటికి ఆయన గొంతే మారిపోయింది. గూఢచారి శత్రువుల స్థావరంలోకి అడుగుపెడితే ఈయన ఇక్కడ నోటికి గొడుగు అడ్డం పెట్టుకుని చెప్పేవారు, విలన్‌కు వినపడుతుందేమోనన్నట్టు. వాళ్లలో దొంగ ఎవరో ఆయనకూ భాయ్‌కీ ముందే అర్థమయ్యేది. ఎంత బతిమాలినా చెప్పేవారు కాదు.

"చెప్పండి పంతులుగారూ, ఆ బట్టతలోడేనా?"

"అది ప్రభుత్వ రహస్యం. నేను ప్రభుత్వం జీతం తింటున్నానండీ. బయటపెట్టకూడదు."

బెంచీలు ఊపిరి బిగపట్టేవి. నేనూ బిగపట్టేవాణ్ని. అదే నన్ను కోసేసింది. ఆయన ఆపినచోట నేనూ ఆగి ఎదురుచూశాను.

ఒక ఆదివారం నేను కాస్త ఆలస్యంగా వెళ్లాను. నా చోటులో ఎవరో కూర్చున్నాడు. "జరుగు గురూ" అన్నాను. వాడు వెనక్కి తిరక్కుండానే, "ష్! పంతులుగారు చెప్తున్నారు" అన్నాడు. ఇన్నాళ్లూ నాకు చోటు ఆపినవాడు వాడే. నేను గోడకు ఆనుకుని నిలబడి సినిమా అంతా చూశాను. ఇంటర్వెల్లో మాస్టారు నన్ను చూసి లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, అందరితో, "నాకు సినిమా నేర్పిన గురువు ఈయనేనండీ" అన్నారు. నాలుగు మొహాలు మర్యాదకు నవ్వాయి.

మూడు రోజుల తర్వాత ఎడంచేత్తో ఉత్తరం రాశాను. మీ హిందీ పండితుడు పిల్లల్ని వెంటబెట్టుకుని అసభ్యమైన హిందీ సినిమాలకు వెళ్తున్నాడనీ, బెంచీల్లో కూర్చుని బూతుమాటలకు బిగ్గరగా అర్థాలు చెబుతున్నాడనీ రాశాను. 'సొంత విషయం' అని నోరు మూసుకునే మనిషి మీద. గుడివాడ వెళ్లి అక్కడ పోస్టు చేశాను. భాయ్ ప్రతి మంగళవారం బట్ట తెచ్చుకోవడానికి గుడివాడ వెళ్తాడని ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే మంగళవారం దాకా ఆగి వెళ్లాను.

సంతకం లేని ఉత్తరాలు మా హెడ్మాస్టరు చదవకుండా చించేసేవారు. కానీ స్కూలు తపాలా అంతా ముందు నా బల్ల మీదికి వస్తుంది. నేను తేదీ ముద్ర కొట్టి, ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి లోపలికి పంపాలి. ఆకాశరామన్న ఉత్తరాలకు నంబరు వేయకూడదు. వేస్తే ఇక దాన్ని చించే వీలుండదు. దాని మీద ఏం చేశారో కాగితం మీద చూపించాలి. నా ఉత్తరాన్ని నేనే కవరు చించి తీసి, ముద్ర కొట్టి, నంబరు వేశాను. నన్ను అడిగితే ఉత్తరం రాయడం కంటే ఆ నంబరు వేయడమే పెద్ద తప్పు. రాయడం కోపంలో అయింది. నంబరు మాత్రం కుడిచేత్తో, తీరిగ్గా వేశాను.

"దీనికి నంబరెందుకేశావయ్యా?" అన్నారు హెడ్మాస్టరు తల పట్టుకుని.

"పొరపాటైపోయిందండీ. చూసుకోలేదు."

"ఇప్పుడు పైకి పంపక చావదు కదా!"

పైనుంచి విచారణకు ఎవరూ రాలేదు. నెల తిరక్కుండా బదిలీ ఉత్తర్వు వచ్చింది. కోడూరు అవతల, హంసలదీవి దారిలో, ఉప్పెన కొట్టిన ఊళ్లో హిందీ పోస్టు ఖాళీగా ఉంది. అది ఎందుకు ఖాళీ అయిందో ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. ఆయన భార్య ఉద్యోగం బందరులో. ఆవిడను ఆ వైపు వేయడానికి అక్కడ ఆసుపత్రి లేదు.

ఉత్తర్వు నా చేతుల మీదుగానే ఆయనకు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. ఆయన రెండుసార్లు చదువుకున్నారు. "ఎవరై ఉంటారండీ?" అని నన్ను అడిగారు, కోపం లేకుండా, ఏదో మాటకు అర్థం తెలియక అడిగినట్టు.

నాకేం తెలుసు అని ఉండవచ్చు. అనలేదు. "ముద్ర గుడివాడదండీ" అన్నాను.

ఆయన ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నారు. "భాయ్ అలాంటివాడు కాదండీ" అని వెళ్లిపోయారు. కానీ పక్కనున్న డ్రిల్లు మాస్టారు నా మాట విన్నారు. ఆ సాయంత్రానికి స్టాఫ్ రూముకు తెలిసింది. మరుసటి ఏడు స్కూలు యూనిఫారాలు ఇంకో టైలరుకు వెళ్లాయి.

ఆయన వెళ్లిపోయిన తర్వాతి ఆదివారం నేను మళ్లీ బెంచీలకు వెళ్లాను. చోటు ఖాళీగానే ఉంది. మొదటి డైలాగుకు అర్థం చెప్పాను. ఎవరూ వెనక్కి తిరగలేదు. "పంతులుగారు లేకపోతే ఏం బావుంటది" అని ఒకడు లేచి వెళ్లాడు.

కొన్నాళ్లకు నేను ఆయన ఊరికే వెళ్లాల్సి వచ్చింది. ఉప్పెనలో తడిసి అట్టలు కట్టిన స్కూలు రిజిస్టర్లు తిరగరాయడానికి బందరు వైపు గుమాస్తాలను అక్కడికి వేసేవారు. నాకు వారం రోజులు పడింది. ఆయన నన్ను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. తన గదిలోనే చాప వేసి, తనే వండి పెట్టారు. పగలంతా నేను పేర్లు దించుతూ ఉండేవాణ్ని. కొన్ని పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో గీత కొట్టి ఉండేది. ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లారని నేను ఎవరినీ అడగలేదు.

సాయంత్రం బడి వదిలాక ఊళ్లోవాళ్లు వరండాలో చేరేవాళ్లు. చేపలు పట్టే పల్లెకారులు, కూలీలు, ఆడవాళ్లు. అంతకుముందు పండగలకు ఆ ఊరికి డేరా సినిమా వచ్చేదట. ఉప్పెన తర్వాత రాలేదు. మాస్టారు మెట్టు మీద కూర్చుని సినిమా చెప్పేవారు. తెర లేదు, పాట లేదు. ఆ రోజు చెప్పింది నేను గోడకు ఆనుకుని చూసిన గూఢచారి సినిమా. అందులో హీరోను శత్రువులు ఓడలోంచి సముద్రంలోకి తోసేస్తారు. కెరటాలకు ఎదురీది తెల్లారేసరికి ఒడ్డు చేరతాడు. బందరు బెంచీలు ఊగిపోయిన ఘట్టం అది. నేను దాని కోసమే కాచుకుని ఉన్నాను, ఈయన ఇక్కడ ఎలా చెబుతారో చూద్దామని.

"ఓడ ఒడ్డుకొచ్చి ఆగింది. అతను దిగి, రైలెక్కాడు" అన్నారు మాస్టారు.

"శత్రువులు అంత తేలిగ్గా ఒదిలేశారేంటండీ మేస్టారూ?" అన్నాడొకడు.

"పడుకున్నారు వాళ్లు."

"టిక్కెట్టో?" అంది ఒక ముసలమ్మ.

"ప్రభుత్వం ఇచ్చిందమ్మా. ముందే కొని పెట్టింది." గాలిలో చుక్క పడింది. వరండా అంతా నవ్వింది.

అందరూ వెళ్లాక అడిగాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి మీరు. ఆ సీను మార్చేశారేం?"

"ఇక్కడ ఆ నీళ్లు వద్దండీ" అన్నారు. "మీ దగ్గర నేర్చుకున్నదే. వినేవాళ్ల మొహం చూసి, అవసరమైతే లేని మాట కూడా చెప్పవచ్చని" అన్నారు.

"నేను హిందీ రాక అలా చెప్పేవాణ్ని మాస్టారూ."

"రాక చెప్పినా, వాళ్లకి ఏం కావాలో చూసి చెప్పారు."

ఆ మాట వినగానే నేను సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. ఇంత దూరం తోసేసినా ఈయన చుట్టూ మళ్లీ జనం చేరారు. నా దగ్గర బొంకు అయినది ఈయన నోట్లో పడి దయ అయింది. ఇంక ఈయన్ని నేనేం చేయగలను?

బయల్దేరే రోజు పొద్దున బస్సు దగ్గర చెప్పేద్దామనుకున్నాను. ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, "ఈ శనివారం రాలేనండీ, పరీక్షలు. ఆవిడకు ఇస్తారా?" అన్నారు. తీసుకున్నాను. చెప్పలేదు. బందరు ఆసుపత్రి వరండాలో ఆవిడకు ఆ కాగితం ఇస్తే, "మీరు ఆయన స్నేహితులా?" అని అడిగారు. అవునండీ అన్నాను.

మూడేళ్లకు ఆయన్ని గుడివాడ వేశారు. ఆవిడా అక్కడికి బదిలీ చేయించుకున్నారు. నేను ఉద్యోగం మారి విజయవాడ వెళ్లాను. ఆయన్ని మళ్లీ చూడలేదు. చూడకుండా తప్పించుకున్నాను.

సంతాప సభ అయిన రెండో రోజు బందరు వెళ్లాను. భాయ్ అదే సందులో, అదే కొట్లో ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. ఉత్తరం నేనే రాశానని చెప్పాను. అతను మిషను ఆపాడు. సూది కింద ఉన్న గుడ్డను మెల్లగా బయటికి లాగి, మడతపెట్టి పక్కన పెట్టాడు.

"యూనిఫారాలు పోయినందుకు నాకు బాధ లేదు. ఇంకో పని చూసుకున్నా" అన్నాడు. "పంతులుగారు గుడివాడ వచ్చాక నాలుగుసార్లు ఇక్కడికొచ్చి చొక్కాలు కుట్టించుకున్నారు. భాయ్ భాయ్ అంటానే ఉన్నారు. కొలతలు తీసుకుంటా ప్రతిసారీ ఆయన మొహంలోకి చూసేవాణ్ని, నన్ను అనుమానిస్తున్నారా, లేదా అని. అంతే తప్ప ఆయనతో మనసిచ్చి ఒక్క మాట మాట్లాడలేకపోయా. అది తీసుకున్నావయ్యా నువ్వు నా దగ్గర్నుంచి."

"ఆయనకు నా సంగతి తెలిసి ఉంటుందా?" అని అడిగాను.

"తెలిసి క్షమించారని నా చేత అనిపించుకుందామని వచ్చావా? తెలీదు. చివరిసారి వచ్చినప్పుడు కూడా నిన్ను తలుచుకుని, మంచివాడు, ఎక్కడున్నాడో అన్నారు. పో. వెళ్లి ఆ సిస్టరమ్మకు చెప్పు."

గుడివాడ వెళ్లాను. ఆవిడ తలుపు తీసి, సభకు వచ్చినవాడినని గుర్తుపట్టి లోపలికి రమ్మన్నారు. కూర్చోకుండానే చెప్పాను. ఉత్తరం, నంబరు, గుడివాడ ముద్ర అన్నీ చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుని ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని విన్నారు. తిట్టలేదు.

"మూడేళ్లు శనివారం చీకటిపడ్డాక వచ్చి సోమవారం మొదటి బస్సుకు వెళ్లేవారు" అన్నారు చివరికి. "ఆదివారమంతా అలసిపోయి పడుకునేవారు. ఇక్కడికొచ్చాక టీవీ కొన్నాం. హిందీ సినిమా మొదలైతే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేవారు. నాకు హిందీ రాదు. అర్థం చెప్పండీ అంటే, నా సరదా వల్ల నువ్వు మూడేళ్లు ఒంటరిగా ఉన్నావు, ఇంక వద్దు అనేవారు. బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని."

ఆవిడ చేతులు విడదీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆ హాల్లో ఆయన ఎలా చెప్పేవారు?" అని అడిగారు.

చెప్పాను. సెన్సారు సర్టిఫికెట్ చెప్పాను, హాజరు చెప్పాను. 'సొంత విషయం' దగ్గర ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రైల్వే స్టేషన్లో 'నువ్వు' దగ్గర నవ్వు ఆగిపోయింది. వరండాలో ప్రభుత్వం కొని పెట్టిన రైలు టిక్కెట్టు చెప్పాను. ఆవిడ కళ్లు నా నోటిమీదే ఉన్నాయి. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మనిషి నా మాట కోసం అలా ఆగింది. నాకు ఇంకొంచెం ఇవ్వాలనిపించింది.

"ఆ సినిమాలు చూసేటప్పుడు, మా ఆవిడ పక్కనుంటే ఎంత బాగుండేదో అనేవారండీ" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఆ మాట ఆయనది కాదు" అన్నారు. "పదిమందిలో నా ఊసెత్తే మనిషి కాదు ఆయన. అన్నవి మాత్రం చెప్పండి."

కుర్చీ చూపించారు. కూర్చుని, మొదటి ఆదివారం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.